ఎడమ అంచున కొసలేని గోపురాలు

చిత్రావతికి వరద వచ్చి ధర్మవరం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన ఏడు ఒకటుంది. ఆ వరద పోయిన మూడో ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది.

శుక్రవారం దీపాలు పెట్టే వేళ పట్టుచీరల యజమాని వెంకటప్పను ఆయన కొట్టులోనే ఎవరో చంపారు. తూకపు గుండుతో తల వెనక ఒకటే దెబ్బ. తెల్లవారేసరికి కుళ్ళాయప్ప అనే నేతగాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఆదివారం పొద్దున కుళ్ళాయప్ప పెళ్ళాం రామక్క రైలెక్కి పెనుకొండ వచ్చి దాసప్ప ఇంటి అరుగు చివర కూర్చుంది.

దాసప్ప సి.ఐ.డి.లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి పెన్షనుకు దిగినవాడు. దిగాక ఎవరైనా వచ్చి అడిగితే విచారణ చేసి పెట్టేవాడు. ఊళ్ళో డిటెక్టివు అనేవాళ్ళు. ఆయన అవుననలేదు, కాదనలేదు. భార్య అంజనమ్మ పోయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. తలుపు వేసేటప్పుడు ఇప్పటికీ చప్పుడు కాకుండా చేత్తో ఆపి వేస్తాడు. ఆ చప్పుడుకు తల పట్టుకునే మనిషి లోపల లేదు. చేతికి ఆ సంగతి ఇంకా తెలియదు.

చెంబుతో నీళ్ళు తెచ్చాడు. రామక్క చెంబు అందుకోలేదు. దోసిలి పట్టి, పైనుంచి పోయించుకుని తాగింది.

"ఆ పొద్దు ఆయప్ప మగ్గం మీదనే ఉండాడన్నా. పొద్దు మునిగేదాంక నేస్తానే ఉండాడు. వీధిలో ఎవుర్నడిగినా చెప్తారు."

"ఆయప్పేమంటాడు?"

ఆమె తలొంచుకుంది. "తలనొప్పొచ్చి పడుకోనుంటి అన్నాడంట."

మొగుడు చెప్పేది ఒకటి, పెళ్ళాం చెప్పేది ఒకటి. దాసప్ప లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు.

ధర్మవరం స్టేషనులో సబ్ ఇన్‌స్పెక్టర్ నాగరాజు చిన్నవాడు. చురుకైనవాడు. దాసప్పను చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏం హెడ్డుగారూ, ఇంట్లో పొద్దు పోలేదా?"

"పోలేదు సార్."

నిజంగానే పోలేదు. నాగరాజు నవ్వేశాడు.

"కేసు తేలిపోయిందప్పా. శుక్రవారం మధ్యాన్నం కొట్టు ముందర కొట్లాట. కదిరి అమ్మవారి చీర సోమవారానికి దిగకపోతే మగ్గం పీకిస్తా అని వెంకటప్ప అన్నాడు. కుళ్ళాయప్ప నోటికొచ్చినట్ల అరిచి ఇంటికి పోయినాడు. దీపాలేళకు వెంకటప్ప పీనుగ. ఇంగేం కావల్ల?"

"ఇల్లు కదల్లేదంటాడు గదా."

"తలనొప్పి అంటాడు. పెళ్ళాం నేస్తాన్నాడు అంటాది. పక్కింటి ఓబులమ్మ మగ్గం మోత విన్నా అంటాది. చచ్చిపోయినాయన బావమరిది గంగాధర మధ్యాన్నం రైలుకు హిందూపురం అంగడికి పోయి, సాయంత్రం రైలు దిగి ఆ వీధిలోనే నడిచొచ్చినాడు. కుళ్ళాయప్ప మగ్గం సద్దే లేదు, ఇల్లు చీకటి అని స్టేట్‌మెంటు ఇచ్చినాడు. పెద్దమనిషి మాట నమ్మల్నా, చెవుడొచ్చిన ముసిలిదాని మాట నమ్మల్నా?"

నాగరాజే మళ్ళీ అన్నాడు.

"తలనొప్పి నాకూ వస్తాది. కాఫీ తాగి డ్యూటీకి వస్తా. తల నొస్తే మనిషిని కొట్టకూడదని రూలుండాదా?"

"మీకు తలంతా నొస్తాదా సార్, ఒక పక్కనా?"

"తలంతా. తలగుడ్డ బిగించి కట్టినట్ల."

"అన్నం సయిస్తాదా?"

"తింటే తగ్గతాది గూడా."

"వెలుతురు చూస్తారా?"

"చూడక, గుడ్డోణ్ణయితానా?"

"అయితే అది వేరే సార్. ఆ నొప్పితో మనిషి తిరుగుతాడు, పని చేస్తాడు. ఆయప్పకొచ్చింది ఏదో అడిగి చూస్తా."

"నువ్వెప్పుడు డాక్టరైనావు దాసప్పా?" అని నాగరాజు కానిస్టేబులుకు సైగ చేశాడు. లాకప్ ముందర నేలమీద దాసప్ప కూలబడ్డాడు.

కుళ్ళాయప్ప సన్నటి మనిషి. గోడకు ఆనుకుని ఉన్నాడు. పక్కన సత్తు పళ్ళెంలో అన్నం ఎండిపోయి ఉంది. ఒక పక్కనా, వాంతి అయిందా అని దాసప్ప అడగలేదు. అట్లా అడిగితే ఎవడైనా ఔననే అంటాడు.

"నొప్పి రాకముందర ఏమైంది?" అని మాత్రం అడిగాడు.

"చెప్తే నవ్వుతారన్నా."

"నవ్వను."

"మగ్గంలో నాడె ఇసురుతాంటే కండ్ల ముందర సూదిమొనంత మెరుపొచ్చింది. అది పెద్దదయింది. చీరంచుకు జరీ గోపురాలు నేస్తాం చూడు, వంకరటింకరగా. అట్ల తళుకుమంటా వంపు తిరిగి ఎడంపక్కకు పాకింది. దాని లోపల ఏమీ కనపళ్ళేదు. నల్లగా గూడా లేదన్నా. ఉండాల్సింది లేదు, అంతే."

"కండ్లు మూస్తే?"

"మూసినా ఉండాది."

"ఆమైన ఏమాయ?"

"సంగటి ఉడికేంతసేపుండి పోయింది. పోతానే కుడి కణతలో మొదలాయ. గుండెకాయ యాడుండాదో ఆడ కాదు, కణతలో కొట్టుకుంటాది. లేస్తే ఎక్కువ. నడిస్తే ఎక్కువ. కిటికీకి గొంగడి కట్టుకుంటి. పక్కింట్లో తిరగవాత ఏస్తే ఆ వాసనకే వాంతయింది."

దాసప్ప తల ఊపాడు. అంజనమ్మ కూడా ఈ వరసనే చెప్పేది. ఆమెకు గోపురాలు కాదు, కోట గోడ పైన పళ్ళుపళ్ళుగా కనిపించే బురుజు. ముందు మెరుపు, తర్వాత ఒక పక్క పోటు, తర్వాత వాంతి, తర్వాత చీకటి గది. ఆ గది బయట ఆయన కూర్చునేవాడు. లోపలి మనిషికి అడుగుల చప్పుడు కూడా పడేది కాదు. గోడ గడియారం లోలకం ఆపేసి కూర్చునేవాడు.

"లోపల పడుకున్నప్పుడు మగ్గం మోగిందా?"

కుళ్ళాయప్ప చూపు తిప్పుకున్నాడు. "నాకు తెల్దు."

తిరగవాత వాసన ఓర్చలేని మనిషి. ఒక్క గోడ అవతల మగ్గం మోగిందో లేదో తెలియదంటున్నాడు. ఇంతసేపటిలో వాడు చెప్పిన అబద్ధం ఇదొక్కటే అని దాసప్పకు అనిపించింది.

"ఆ పొద్దు ఏం తిన్నావు?"

"ఏమీ లేదన్నా. జరీ కావల్లని తెల్లార్తానే కొట్టుకాడికి పోతి. గంగాధరన్న అరుగు మీద కూర్చోబెట్టినాడు. బావ ఇప్పుడొస్తాడు, ఇంటికి పోయినావంటే నీ జరీ ఇంగొకడు తీసకపోతాడు అన్నాడు. ఎదురెండ. మధ్యాన్నానికి వెంకటప్పన్న వచ్చి, ఇంతసేపు ఈడ కూర్చుంటే నేసేదెవరు అని తిట్టినాడు. నాకు రోషమొచ్చింది."

దాసప్ప లేచాడు. "ఆ అన్నం తిను," అన్నాడు.

"పుల్లవాసనొస్తాందన్నా. కడుపు తిప్పుతాంది."

నాగరాజు కూడా వెంట వచ్చాడు. ముసలాయన ఏం చూస్తాడో చూసి పోదామని వచ్చినట్టున్నాడు.

కుళ్ళాయప్ప ఇల్లు రెండు గదులు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గది పడక. పడకగది కిటికీకి గొంగడి ఇంకా వేలాడుతోంది, నాలుగు మూలలా మేకులు కొట్టి. మూలన బూడిద పోసిన మరక. దాసప్ప వంగి వాసన చూశాడు. వాంతి మీద పోసిన బూడిదే.

"పొద్దు వాలే వేళకు కిటికీ ఏంటికి మూసినాడు సార్?"

"దొంగోడు మూయడా?"

"దొంగోడు వీధి కిటికీ మూస్తాడు. ఇది దొడ్డి కిటికీ. పడమటెండ పడేది."

దాసప్ప పెరటి వైపు ఒకసారి చూశాడు. వెనక గుమ్మం బయట చింకి చాప, విడిగా ఒక గిన్నె, విడిగా ఒక నీళ్ళకుండ. రామక్క అక్కడే నిలబడి ఉంది. సొంత ఇంట్లోకి అడుగు పెట్టలేదు. పొద్దున ఆమె దోసిలితో తాగిన నీళ్ళు దాసప్పకు గుర్తొచ్చాయి. ఆయన ముందు గదిలోకి వచ్చి మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు.

అమ్మవారి చీర. ఎర్రటి ఒడలు, రెండు పక్కలా జరీ గోపురాల అంచు. కుడి అంచు మీద వేలు పెట్టి జరుపుకుంటూ వచ్చాడు. ఒక్క గోపురమూ తప్పలేదు. ఎడమ అంచు మీద కూడా అట్లాగే వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. రెండు గోపురాలకు కొసలు లేవు. ఎత్తాల్సిన పోగులు ఎత్తకుండా నాడె పోయింది. ఆ రెంటి ఎదురుగా కుడి అంచున కొసలు సూటిగా ఉన్నాయి.

పక్కింటి ఓబులమ్మ గడపలో కూర్చుని చూస్తోంది. "ఏమప్పా, కుళ్ళాయి చేతిలో అట్లాంటి తప్పా?" అని లేచి వచ్చి, ముక్కు ఆనించి చూసి నోరు నొక్కుకుంది.

"తాగితే రెండు పక్కలా చెడతాది సార్. నిద్రొస్తే రెండు పక్కలా చెడతాది. ఇది ఎడంపక్క కనపడని మనిషి నేసింది. తప్పు చేసినానని వాడికి ఇప్పటికీ తెల్దు. లాకప్‌లో ఒక్క మాట గూడా అనలేదు."

"కావాలనే చెడగొట్టింటాడు," అన్నాడు నాగరాజు.

"పట్టుచీర కావాలని చెడిపేటోడు ఈ వీధిలో పుట్టలేదు నాయనా," అంది ఓబులమ్మ. "అందులో అమ్మవారిది. నీకేం తెలుసు, నీకు ఉతికిన గుడ్డలు ఇస్తిరి చేసిస్తారు."

నాగరాజు కోపం అణచుకుని చీర మీదికి వంగాడు. చురుకైనవాడని చెప్పాను గదా. తప్పిన గోపురాల తర్వాత జానెడు గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇది పలచగా ఉండాది. పోగు బిగించే పన్నె దెబ్బ మెత్తన. అంచు సరిగ్గా ఉండాది గానీ చెయ్యి వేరే. నిజమా?"

దాసప్ప నిజమని తల ఊపక తప్పలేదు.

"అంటే ఇంగొకడున్నాడు. వాణ్ణి మగ్గం మీద కూర్చోబెట్టి, మోత వీధికి వినపడేట్ల చేసి, కుళ్ళాయప్ప దొడ్డిదోవన పోయినాడు. భలే పని చేసినావు దాసప్పా. తోడుదొంగను గూడా పట్టించినావు. రేపు మెజిస్ట్రేటు ముందర పెడతా. వాడి నోటితోనే ఆ పేరొస్తాది." నాగరాజు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కాపాడుతుందనుకున్న గుడ్డే ఉరితాడయింది. దాసప్ప పెరట్లోకి పోయాడు. రామక్కకు నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"మగ్గం మీద కూర్చున్నది నువ్వేనా అమ్మా?"

ఆమె చాపవైపు చూసింది. ఆయన కూడా ఆ వైపే చూశాడు. ఇంక దాచేదేమీ లేదని ఆమెకు తెలిసింది.

"ఆ పొద్దే బయట చేరితి అన్నా. మగ్గం తాకకూడదు. అమ్మవారి చీర అసలు చూడనే కూడదు. సోమవారానికి దిగకుంటే మగ్గం పీకిస్తా అన్నాడంట. ఈయప్ప చూస్తే పీనుగ మాదిరి పడుండాడు. ఏం చేద్దును? తల మీద నీళ్ళు పోసుకుని కూర్చుంటి. ఎవురికన్నా తెలిస్తే చీర కాల్చేస్తారు. ఈ ఊర్లో మాకు నేతకు పడుగిచ్చే మనిషుండడు. చెప్పొద్దన్నా."

"ఆయప్పకు తెలుసా?"

"దెబ్బదెబ్బకూ మూలుగుతాండె. ఆపమని ఒక్క తూరి గూడా అనలేదు." అప్పుడు మొదటిసారి ఆమె ఏడ్చింది.

ఆ మూలుగు ఎట్లా ఉంటుందో దాసప్పకు తెలుసు.

"చెప్పను," అన్నాడు. "ఈయప్పకు ఈ నొప్పి ఉండాదని ఎవరెవరికి తెలుసు?"

"మాకూ, ఓబులవ్వకూ. మల్ల గంగాధరన్నకు. పోయినేడు కదిరి తేరునాడు ఒక్కపొద్దుండి ఎండలో నిలబడితే ఇట్లనే వచ్చి పడిపోయినాడు. గంగాధరన్నే బండిలో ఏసుకుని ఇల్లు చేర్చినాడు. కండ్లకు తన పైగుడ్డ సుట్టినాడు పాపం. కూడు తినకుండా ఎండలో ఉంటే ఈయప్పకు వస్తాదని నేనే చెప్తి, ఇంగెప్పుడూ ఎండలో నిలబెట్టొద్దన్నా అని."

దాసప్ప ఓబులమ్మ దగ్గరికి వచ్చాడు. "అవ్వా, మగ్గం నడుమ ఆగిందా?"

"కొంచేపు ఆగింది. మల్ల మోగింది. మెత్తగా."

"దీపాలు పెట్టేటప్పుడు?"

"మోగుతానే ఉండె. ఈ వరసలో అందరూ విన్నారు. మమ్మల్నెవరడిగినారప్పా?"

స్టేషనుకు తిరిగి వచ్చేసరికి నాగరాజు టీ తాగుతున్నాడు. దాసప్పకు ఇమ్మని చెప్పలేదు. దాసప్ప నిలబడే అడిగాడు.

"ఆ మగ్గం మోగిందని మీరే తేల్చినారు సార్. గుడ్డ ఉండాది. వీధంతా విన్నది. మరి ఆ వీధిలోనే నడిచొచ్చిన గంగాధరకు ఎట్ల వినపళ్ళేదు?"

నాగరాజు గ్లాసు కింద పెట్టాడు. "ఏమంటావు?"

"ఆ వీధిలో ఆయన రాలేదంటాండా. వచ్చుంటే మోగింది అని చెప్పేవాడు. మోగదని ముందే లెక్కేసుకున్నాడు. పరగడుపున మధ్యాన్నం దాంక ఎండలో కూర్చోబెడితే కుళ్ళాయప్ప సాయంత్రానికి ఏమైతాడో ఆయనకు తెలుసు. మగ్గం ఆగిపోతాది, ఇల్లు చీకటయితాది, మధ్యాన్నం తిట్లు తిన్న మనిషికి సాక్షి ఉండడు. అంతా అట్లనే జరిగింది. మగ్గం మళ్ళీ మోగడం ఒక్కటే ఆయన అనుకోలేదు."

"ఎవరు మోగించినారు?"

"చెప్పను సార్."

"చెప్పకపోతే ఇదంతా కత."

"హిందూపురం అంగట్లో అడగండి, శుక్రవారం ఆయన వచ్చినాడా అని. రైలెక్కినాడా అని అడగండి. బావ పోతే కొట్టు ఎవరి చేతికొస్తాదో అడగండి. కతనో కాదో తెలుస్తాది."

"తలనొప్పి గురించి ఇంత మాట్లాడుకుంటాండారే," అని గుమ్మంలోంచి గొంతు వినిపించింది. గంగాధర. తెల్లటి పంచె, భుజాన పైగుడ్డ. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. నవ్వుతూ లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"రేపు కోర్టంట గదా సార్, చెప్పిపోదామని వచ్చినా. మీ జీపు మూలబడింది గదా, పెనుకొండ కోర్టుకు నా కారే పెడతా. డ్రైవరు హిందూపురం నుంచి రావల్ల. పొద్దున్నే కుళ్ళాయప్పను తెచ్చి మా కొట్టు అరుగు మీద కూర్చోబెట్టండి. మధ్యాన్నానికి బయలుదేరొచ్చు."

"సరే," అన్నాడు నాగరాజు. అలవాటుగా అన్నాడు. అని, గంగాధర వైపు కొంచెంసేపు చూశాడు.

గంగాధర లేస్తూ దాసప్ప దగ్గర ఆగాడు. "అన్నా, మీ ఇంట్లో ఆయమ్మకు గూడా ఇట్లాంటి నొప్పేనంట గదా. ఇప్పుడు ఒక్కనివే ఉండేది. తలుపు గట్టిగా వేసుకో."

దాసప్ప లాకప్ వైపు చూశాడు. పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది. రేపు అదే అరుగు, అదే ఎండ, అదే ఖాళీ కడుపు. కోర్టులో నిలబడే వేళకు కుళ్ళాయప్ప కళ్ళముందు గోపురాలు మెరుస్తుంటాయి. ఆ స్థితిలో ఉన్న మనిషి, పడుకోనిస్తామంటే చాలు, ఏం చేశావన్నా ఔనంటాడు. ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేస్తాడు. రామక్క పేరు కూడా చెప్పేస్తాడు.

సాయంత్రం రైలుకు పెనుకొండ చేరాడు. ధర్మవరంలో పడుకోవడానికి ఆయనకు ఎవరూ లేరు. ఇంటికి వచ్చి తలుపు వేశాడు, చప్పుడు కాకుండానే. గడియ మాత్రం ఆ పూట గట్టిగా వేశాడు.

మరునాడు చీకటితోనే లేచి పొయ్యి వెలిగించాడు. ఎసరు పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. ఇద్దరికి నీళ్ళెన్ని పోయాలో మరిచిపోయాడు. తోచినంత పోశాడు. సంగటి ముద్దలు నాలుగు, చనక్కాయల ఊరిబిండి పచ్చడి, చెంబుతో మజ్జిగ. అటక మీంచి అంజనమ్మ నల్ల గొడుగు దించి దుమ్ము దులిపాడు. మొదటి ప్యాసింజరుకు ధర్మవరంలో దిగాడు.

కొట్టు అరుగు మీద కుళ్ళాయప్పను అప్పుడే కూర్చోబెట్టారు. చేతులకు బేడీలు. దాసప్ప పక్కన కూర్చుని మూట విప్పాడు. కానిస్టేబులు వద్దనబోయి నాగరాజు వైపు చూశాడు. నాగరాజు ఊరుకున్నాడు. కుళ్ళాయప్ప మొదటి ముద్ద మెల్లగా తిన్నాడు. రెండోది గబగబా తిన్నాడు. మజ్జిగ తాగాడు. మూడోదానికి చెయ్యి చాపాడు.

కారు రాలేదు. గంగాధర గుమ్మంలోకి వచ్చాడు. ఎండ మెట్టెక్కి అరుగు మీదికి పాకుతోంది. దాసప్ప గొడుగు విప్పి కుళ్ళాయప్ప తలమీద పట్టుకున్నాడు. ఎండ ఎటు జరిగితే గొడుగు అటు జరిపాడు. నాగరాజు ఖైదీని చూడడం మానేసి, గంగాధర మొహం చూస్తూ నిలబడ్డాడు.